మా అమ్మాయి 'సైకెడెలిక్' పాట

పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా ఆర్మూరుకి చుట్టాలు రారు. వచ్చినా తెల్లచీర కట్టుకుని రారు. జనవరి నెలాఖరు నుంచి మార్చి దాకా ఊరి చుట్టూ ఎటు చూసినా తవ్వుతున్న పసుపు, ఉడుకుతున్న పసుపు, కల్లాల్లో ఆరుతున్న పసుపు. గాలిలోనే ఓ ఘాటు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ వాసనకి నాకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఆ వాసన లేకపోతే వస్తోంది!

పోయినేడు సరిగ్గా అటువంటి రోజుల్లోనే మా అమ్మాయి హైదరాబాదు నుంచి రెండు పెట్టెలూ, ఒక గిటారూ, చుట్ట చుట్టిన కాగితాలూ వేసుకుని ఆటో దిగింది.

"సెలవులా?" అన్నాను.

"కాదమ్మా, మానేశాను" అంది చెప్పులు విప్పుతూ. ఏదో ఉపవాసం మానేసినంత తేలిగ్గా!

నెలకి 60 వేలొచ్చే కంప్యూటరు ఉద్యోగం. ఆ ఉద్యోగం చూసే రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి నిజామాబాదుది, ఇంకొకటి జగిత్యాలది. అవి నా కళ్ళముందే అలా తిరిగిపోయాయి.

"మరి ఏం చేస్తావే?"

"పాటలు రాసి, నేనే పాడి, వాటికి బొమ్మలు కూడా నేనే వేస్తాను."

"అవి సాయంత్రం ఇంటికొచ్చాక చేసుకోవచ్చుగా?"

"మూడేళ్ళు అదే చేశానమ్మా. సాయంత్రానికి నేను మిగిలేదాన్ని కాదు."

ఇంతకీ ఏం పాటలు అని అడిగితే "సైకెడెలిక్ ఫోక్" అంది. అందులో 'ఫోక్' నాకు తెలుసు. బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, జాజిరి పాటలు. మొదటి మాటకి మాత్రం నోరు తిరగలేదు. తిరిగాక గుండె ఆగినంత పనయింది. ఆ మాట నేను పేపర్లో చదివింది మత్తుమందుల వార్తలో!

ఆ రాత్రి అది నిద్రపోయాక పెట్టెలు వెతికాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ మీరైతే వెతకరూ? దొరికినవి ఏమిటంటే - బ్రష్షులు, రంగులు, ఉతకని బట్టలు, అడుగున ఒక పాత నోట్‌బుక్కు. నీలం అట్ట. అటక మీద ఇత్తడి గుండిగలో ఉండాల్సిన నా నోట్‌బుక్కు! చప్పుడు చేయకుండా పెట్టె మూసేశాను. మత్తుమందే దొరికినా అంత కంగారు పడి ఉండనేమో.

పొద్దున్నే అదే నవ్వుతూ పాఠం చెప్పింది. దానికెలా తెలిసిందో, పెట్టె తాళం నేను తిరగేసి పెట్టానట. 'సైకెడెలిక్' అన్న మాటని 1956లో హంఫ్రీ ఆస్మండ్ అనే డాక్టరు గ్రీకు మాటలు కలిపి తయారుచేశాడట. మనసులో ఉన్నది బయటికి కనిపించేలా చేసేది అని దాని అర్థం. ఆయన మందుల సంగతే చెప్పాడు, అది నిజమే. కానీ 1960ల్లో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పాటగాళ్ళు ఆ మాట పట్టుకుపోయారు. పల్లెపాటల బాణీలో కలలాంటి మాటలు పెట్టి, వెనకాల సితారో తంబురాలాంటి శ్రుతో ఆగకుండా మోగిస్తూ, విన్నవాడికి ఉన్నచోటు మరిచిపోయేలా పాడేవాళ్ళు. దాన్నే అలా పిలిచారట.

"ఓస్, ఇంతేనా! ఏకతార పట్టుకుని తత్వాలు పాడేవాళ్ళు మనకి ఎప్పటినుంచో లేరూ?" అన్నాను.

"ఉన్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకుందామనే వచ్చాను" అంది. నా నోరు మూతపడింది.

మూడోరోజు మధ్యాహ్నం తలుపులేసి ఒక పాట వినిపించింది. పోచంపాడు మీద పాట. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ డ్యామే, మాకు ఇరవై కిలోమీటర్ల దూరం. ఆ నీళ్ళ కింద మునిగిపోయిన పల్లెలు ఎన్నో ఉన్నాయి. ఎండాకాలం నీళ్ళు తగ్గితే పాత గుళ్ళు తలలెత్తి చూస్తాయి. మా అమ్మాయి పాటలో ఆ నీటి అడుగున ఆడవాళ్ళు ఇంకా బతుకమ్మ ఆడుతూనే ఉంటారు. చేపలు వచ్చి తంగేడు పూలు కొరుక్కుని పోతుంటాయి. గొంతు చుట్టూ ఏదో ప్రతిధ్వని, బావిలోంచి వస్తున్నట్టు. నాకు సగం అర్థమైంది. రెండో సగానికి ఒళ్ళు జలదరించింది.

పక్కింటి అక్క పాలగిన్నె ఇవ్వడానికి వచ్చి గడపలోనే నిలబడిపోయింది. ఆవిడకి రెండెకరాల పసుపుంది, చదువు లేదు, డెబ్భైకి దగ్గర పడుతోంది. పాట అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుని, "మునిగిన ఊర్లకెల్లి వచ్చినదాన్నే బిడ్డా నేను. అప్పటికి చిన్నపోరిని. మా ఊర్ల బొడ్రాయి పక్కపొంటి చింతచెట్టుండె. నీ పాటల అది పెట్టకపోతివి?" అంది.

మా అమ్మాయి వెంటనే కాగితం తీసుకుని చింతచెట్టు రాసుకుంది. పత్రికల్లో విమర్శలు రాసేవాళ్ళు ఇంత పనికొచ్చే మాట చెప్పగా నేను చూడలేదు.

ఇక వాళ్ళ నాన్నగారు. ఎరువుల కొట్టు మూసి తొమ్మిదింటికి వచ్చి, అన్నం తింటూ అంతా విని, ఒకే ప్రశ్న వేశారు. "కూడు పెడుతుందా అది?"

నేను సమాధానం కోసం ఎటో వెతుక్కుంటే మా తాతగారు గుర్తొచ్చారు. ఆయనది భీమవరం దగ్గర పల్లె. నిజాంసాగరు కాలవల కింద భూములు దొరుకుతున్నాయంటే గోదావరి జిల్లా వదిలి వర్ని వైపు వచ్చినవాళ్ళలో ఒకరు. వస్తూ ఏం తెచ్చుకున్నారో గానీ, అడివి బాపిరాజుగారి కబుర్లు మాత్రం మూట కట్టుకుని వచ్చారు. 'బాపిబావ' అని తప్ప పేరు పెట్టి అనేవారు కాదు, సొంత బావమరిదిలాగా!

మనం ఆయన్ని నవలల రచయితగానే గుర్తుపెట్టుకున్నాం. 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి', 'హిమబిందు'. కానీ పాట రాసి, తనే గొంతెత్తి పాడి, తనే బొమ్మ వేసిన మనిషి ఆయన. మన ప్రాంతంలో ఈ పనులు రెండు చేతుల మధ్య పంచేసి ఉండేవి. చేర్యాలలో నకాషీవాళ్ళు పటం మీద బొమ్మలు రాస్తే, కథ చెప్పేవాళ్ళు ఆ పటం విప్పుకుంటూ పాడేవారు. రాసేవాళ్ళు వేరు, పాడేవాళ్ళు వేరు. బాపిరాజుగారిలో ఆ ఇద్దరూ ఒక్కరే. శశికళ అని ఒక ఊహాసుందరిని కల్పించుకుని పాటలు కట్టాడు. ఉన్నదో లేదో తెలియని ఆ అమ్మాయి కోసం ఒక మనిషి ఏళ్ళ తరబడి పాడుకున్నాడంటే, మా అమ్మాయి చెప్పే కలల పాట ఇంకెలా ఉంటుంది? ఆయన వరద గోదావరి పాట మా తాతగారు చేలగట్టు మీద ఎత్తుకుంటే మంజీర కాలవ కూడా పొంగేదని మా నాన్న నవ్వేవారు.

మరి కూడు? ఆయన 1895లో పుట్టాడు. రాజమండ్రి కాలేజీలో కూల్డ్రే దొరగారనే ప్రిన్సిపాలు దగ్గర బొమ్మలు వేయడం అలవాటు చేసుకున్నాడు. ఆ దొర స్వయంగా కవీ, చిత్రకారుడూను. దామెర్ల రామారావు కూడా ఆయన శిష్యుడే. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ దగ్గర బాపిరాజుగారు చిత్రలేఖనం నేర్చుకున్నాడు. సహాయ నిరాకరణంలో జైలుకి వెళ్ళాడు. లా చదివి కొన్నాళ్ళు వకీలుగా ఉన్నాడు. కొన్నేళ్ళు ఆ బందరు కళాశాలకే ప్రిన్సిపాలు. 1936లో 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' సినిమాలకి కళాదర్శకుడు. 1944 నుంచి హైదరాబాదులో 'మీజాన్' తెలుగు పత్రికకి సంపాదకుడు. 1952 సెప్టెంబరులో, యాభై ఏడు నిండటానికి రెండు వారాల ముందు పోయాడు.

ఇన్ని కొలువులు ఎందుకు మారాడో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. పాటకి నెల జీతం ఉండదు కాబట్టి. కానీ ఏ కొలువులో ఉన్నా పాట ఆపలేదు, కుంచె పడేయలేదు.

ఇదంతా నేను అన్నాల దగ్గర గుక్కతిప్పుకోకుండా చెప్పాను. మావారు మజ్జిగ కలుపుకుంటూ, "అయితే వకీలు చదువు కూడా చదివించమంటావా?" అన్నారు.

మా అమ్మాయి మాత్రం, "ఆయన మగాడు కదమ్మా! బందరు నుంచి వచ్చినా, మద్రాసు నుంచి వచ్చినా ఇంట్లో అన్నం వండి పెట్టేవాళ్ళుంటారు. ఆడవాళ్ళ సంగతి నేను చెబుతా విను" అంటూ ఓ ఇంగ్లీషావిడ కథ ఎత్తుకుంది. ఆ కథ ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఆవిడ పేరు వాష్టి బన్యన్. 1945లో పుట్టింది. ఆక్స్‌ఫర్డులో బొమ్మలు నేర్పే రస్కిన్ స్కూల్లో చేరింది. అక్కడ బొమ్మలు మానేసి గిటారు పట్టుకుని పాటలు కట్టుకుంటోందని ఆమెని బయటికి పంపేశారు. 1965లో లండన్లో ఒక రికార్డు ఇచ్చింది. రోలింగ్ స్టోన్స్ వాళ్ళు రాసిన పాట. అయినా ఆడలేదు. అప్పుడేం చేసిందనుకున్నారు? 1968లో ఒక గుర్రపు బండి కట్టించుకుని, స్నేహితుడితో కలిసి, లండన్ నుంచి స్కాట్లండు పైనున్న స్కై దీవి వైపు బయల్దేరింది. బస్సుంది, రైలుంది. అయినా గుర్రపు బండే! ఆ ప్రయాణం ఏడాదిన్నర పట్టింది. దారిలో వానలో, పొలాల పక్కన, కట్టెలపొయ్యి ముందు కట్టుకున్న పాటలన్నీ 1969 చివర్లో జో బాయ్డ్ అనే ఆయన రికార్డు చేశాడు. 1970 డిసెంబరులో 'జస్ట్ అనదర్ డైమండ్ డే' అన్న పేరుతో వచ్చింది. గుసగుస లాంటి గొంతు. ఎవరూ కొనలేదు.

తన గొంతే బాగాలేదనుకుంది ఆవిడ. గిటారు పక్కన పెట్టేసింది. ముగ్గురు పిల్లలు, పశువులు, పొలం, వంట. ముప్ఫై ఏళ్ళు! పిల్లలకి జోలపాట కూడా పాడలేదట.

ఈ లోపల ఆ పాత రికార్డు చేతులు మారి మారి, దొరికినవాడు బంగారంలా దాచుకునేంత అపురూపమైపోయింది. పాపం, ఆవిడకి ఆ సంగతే తెలియదు. ఇంట్లోకి కంప్యూటరు వచ్చాక తన పేరు కొట్టి చూసుకుంటే అప్పుడు తెలిసింది! 2000లో రికార్డు మళ్ళీ వేశారు. 2005లో, అరవై ఏళ్ళ వయసులో, రెండో రికార్డు ఇచ్చింది. దాని అట్ట మీద బొమ్మ వేసింది ఆవిడ కూతురే. 2014లో మూడోది. 2022లో తన కథ పుస్తకంగా రాసుకుంది. నవ్వొచ్చే సంగతొకటి. అందరూ ఆవిణ్ణి జానపద గాయని అంటారు గానీ ఆవిడకి ఆ మాట గిట్టదట!

"ఇదీ నాకున్న భయం" అంది మా అమ్మాయి. "డబ్బు రాకపోవడం కాదమ్మా. ముప్ఫై ఏళ్ళు ఆపెయ్యడం."

అన్నం కంచాలు తీస్తున్న నా చెయ్యి ఆగింది. అది నా వైపు చూడలేదు. చూస్తే ఏం చెప్పేదాన్నో. నీలం అట్ట నోట్‌బుక్కు సంగతి ఆ ఇంట్లో మా ఇద్దరికే తెలుసు.

తరవాతి ఏడాది ఎలా గడిచిందో క్లుప్తంగా చెప్పేస్తాను. జీతం లేని మనిషికి ఎంత పనుంటుందో నేను కళ్ళారా చూశాను. వెనక గది కిటికీలకి పాత బొంతలు కట్టి, గోడలకి గోనెసంచులు కొట్టి, దాన్ని స్టూడియో అంది. కంపెనీ లేదు, దర్శకుడు లేడు. పాట రాయడం, పాడటం, యంత్రంలో కలపడం, బొమ్మ వేయడం, లోకం మీదికి వదలడం - అన్నీ ఒక్క చేత్తోనే. అదే 'ఇండిపెండెంట్' అంటే. ఇల్లాలి ఉద్యోగంలాగే ఉందే అనుకున్నాను. వారానికి మూడురోజులు ఒక బడిలో పిల్లలకి డ్రాయింగు చెబుతోంది. పెళ్ళిళ్ళకి శుభలేఖల బొమ్మలు వేస్తోంది. బాపిరాజుగారి దారే!

నిజామాబాదు సంబంధం వాళ్ళు కబురు చేయడం మానేశారు. జగిత్యాల వాళ్ళు "అమ్మాయి పాడుతుందటగా?" అని అడిగారు. ఆ అడగడంలో ఉన్న అర్థం మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు రాత్రులు ఏడ్చాను. అది ఏడవలేదు. దానికీ కోపమొచ్చి నాకూ కోపమొచ్చింది.

బొమ్మల దగ్గర మాత్రం ఒక విచిత్రం జరిగింది. పోచంపాడు పాటకి అట్టబొమ్మ వేస్తూ, కొన్న రంగులు కాదని మన పసుపుతోనే వేస్తానంది. పక్కింటి అక్క కొమ్ములు దంచి ఇచ్చింది. నీళ్ళ కింద బతుకమ్మ ఆడే ఆడవాళ్ళందరూ మేలిమి పసుపు. ఒక మూల కాస్త సున్నం తగిలిస్తే అక్కడ పారాణిలా ఎర్రబడింది. పసుపూ సున్నం కలిస్తే ఎరుపని మనకి తెలియందా! దాన్ని తీసుకెళ్ళి కిటికీ పక్క గోడకి తగిలించింది. నేను చెబుతూనే ఉన్నాను, పసుపు బట్టయినా పసుపు బొమ్మయినా ఎండ చూడకూడదని. మా అమ్మ పసుపు బట్టలు ఎప్పుడూ నీడనే ఆరేసేది. వెలుతురు తగిలితే ఆ రంగు విరిగిపోతుంది, కుంకుడు రసం కంటే ఎండ పాడు దానికి. వింటేగా! రెండు నెలలు తిరిగేసరికి ఆడవాళ్ళు వెలిసిపోయి కాగితం మీద ఒట్టి నీడల్లా మిగిలారు.

అయ్యో అని నేను తల బాదుకుంటే అది గంతులేసింది. "మునిగిన ఊరు కదమ్మా! ఇలాగే ఉండాలి!" ముందు తీసిన ఫోటో, ఇప్పుడు తీసిన ఫోటో రెండూ పక్కపక్కన పెట్టి అదే అట్ట చేసింది. పక్కింటి అక్క కళ్ళద్దాలు పెట్టుకుని చూసి చూసి, వెలిసిపోయిన దాంట్లోనే వేలు పెట్టి, "ఇగో, ఇది మా అమ్మ లెక్కనే ఉంది" అంది.

పాట బయటికి వదిలాక ఆరునెలలకి దానికి వచ్చిన మొత్తం 312 రూపాయలు. అంకాపూర్ నాటుకోడి కూర ఒక్కపూటకి కూడా చాలదు! అది ఆ సంగతి నాన్నకి చెప్పొద్దంది. నేను చెప్పలేదు, నిజంగా. కానీ దసరాకి కొట్లో లెక్కల పుస్తకానికి పూజ చేద్దామని పేజీ తిప్పితే, యూరియా బస్తాల లెక్క కింద వారి చేతిరాతే - "అమ్మాయి పాట, 312-00, జమ". ఆయనకి ఎవరు చెప్పారో నేను అడగలేదు. పుస్తకానికి బొట్టు పెట్టి మూసేశాను.

ఇక నోట్‌బుక్కు. ఎన్నాళ్ళని దాటవేస్తాను?

పదిహేడేళ్ళప్పుడు మొదలుపెట్టాను. వర్ని కాలవగట్టు మీద, ఎడ్లబండి వెనక కూచుని, కాళ్ళు ఊపుకుంటూ కట్టుకున్న పాటలు. ఎడమ పేజీలో పాట, కుడి పేజీలో దానికో ముగ్గు. ఒక్కో పాటకి ఒక్కో ముగ్గు, చుక్కల లెక్కతో సహా. పెళ్ళయిన కొత్తలో నీళ్ళు తోడుతూ పాడుకుంటుంటే ఇంట్లో ఒక పెద్దమనిషి, "ఇదేం కొంపా, రికార్డు డాన్సా?" అన్నారు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. నేనూ గొడవ చేయలేదు. ముగ్గులు మిగిలాయి, పాటలు అటకెక్కాయి. అందులో పెద్ద విషాదం ఉందని ఎప్పుడూ అనుకోలేదు కూడా. ఎవరైనా అడిగితే కదా అనుకోవడానికి!

ఈ ఫిబ్రవరిలో ఓ ఆదివారం మా అమ్మాయి ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. కాలవ పాట ఉన్న పేజీ. "ఇది నేను వాడుకోనా?" అంది.

"పనికిమాలిన రాత. అందులో ఏముందే?"

"మాటల సంగతి కాదు. దీని వరస నాకు వచ్చు."

"నీకెలా వస్తుంది? నేనెవరికీ పాడందే!"

"బియ్యం ఏరుతూ పాడేదానివిగా. మాటల్లేకుండా, నోరు మూసుకుని. నేను చాప మీద పడుకుని వినేదాన్ని. దేవుడి పాటనుకున్నాను. పుస్తకంలో ఈ పేజీ చదువుతుంటే మాటలు వచ్చి ఆ వరసలో కూచున్నాయి."

నేను చేటలో బియ్యం పక్కన పెట్టాను. ముప్ఫై రెండేళ్ళు. ఆపేశాననే అనుకున్నాను.

"అయితే నువ్వే పాడు. తెలుసన్నావుగా" అన్నాను.

"నేను కాదు, నువ్వు. నేను వెనకాల శ్రుతి ఇస్తాను. అట్టకి నీ ముగ్గే."

వెనక గదిలోకి తోసింది. ఫ్యాను ఆపింది. నేను వెళ్ళి పొయ్యి మీద కుక్కరు ఆర్పేసి వచ్చాను. మావారు టీవీ గొంతు తగ్గించారు, ఎందుకని కూడా అడగలేదు. ఇక ఒకటే చప్పుడు. పక్కింటి కల్లంలో పసుపు మెరుగుపెట్టే డ్రమ్ము, ఆరిన కొమ్ముల్ని దొర్లించుకుంటూ గడగడగడ.

"అది ఆగనీ, తరవాత పాడతాను" అన్నాను, తప్పించుకోవడానికి.

"వద్దు, అదీ పాటలోదే" అంది గిటారు మీటుతూ.

మొదటిసారి గొంతు లేవలేదు. రెండోసారి లేచింది గానీ ఎవరిదో గొంతులా ఉంది. మూడోసారి కళ్ళు మూసుకున్నాను. రెండో చరణం దాకా బాగానే వెళ్ళింది. మూడో చరణం మొదట్లో పెన్సిలు చెరిగిపోయి మాటలు లేవు, నాకూ గుర్తు లేవు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. అందుకని నోరు మూసుకుని బియ్యం ఏరే వరసలోనే లాగించాను.

అంతలో గడగడమంటున్న డ్రమ్ము ఠక్కున ఆగిపోయింది. ప్రహరీ అవతల నుంచి అక్క గొంతు, "ఎవ్వలే గది పాడుతున్నది? ఆగుర్రి, మిషిన్ బందు వెట్టిన, మంచిగ ఇనిపిస్తలేదు!"

మా అమ్మాయి గిటారు పట్టుకునే కిటికీ దగ్గరికి పరిగెత్తింది. "అయ్యో పెద్దమ్మా, ఎందుకు ఆపావ్! మళ్ళీ తిప్పించు, తొందరగా!"